దీపాలు పెట్టాక తోడు ఇవ్వరు

ఫ్లోరైడ్ నివారణ మండలిలో, ఫ్లోరైడ్ నిజంగానే పోయిందన్న సంగతి మొదట విన్నవాడు సూపరింటెండెంట్ మాలకొండయ్య. వినగానే ఆయన చేసిన పని, లేచి వెళ్లి గది తలుపు వెయ్యడం.

చెప్పింది ఆయన భార్య సుభాషిణి. అదే భవనంలో మూడో అంతస్తు ప్రయోగశాల ఆమెది. మండలి పుట్టినప్పుడు నిబంధనల్లో ఒక ప్రయోగశాల ఉండాలని ఎవరో రాశారు కాబట్టి అది ఉంది. దానివల్ల ఏదైనా జరుగుతుందని రాసినవాళ్లూ అనుకోలేదు, నడిపినవాళ్లూ అనుకోలేదు. అక్కడి ఫ్రిజ్ అధికారుల పెరుగు డబ్బాలకీ, వాళ్ల పిల్లల పుట్టినరోజు కేకులకీ చాలేది కాదు. గత్యంతరం లేక సుభాషిణి తన సూక్ష్మజీవుల్ని కిటికీ పక్కన మట్టి మూకుళ్లలో పెంచుకునేది. మే నెల ఎండకి అన్నీ చచ్చి, ఒక్క రకం మాత్రం మొండికేసి బతికింది. ఫ్రిజ్ ఖాళీగా ఉండి ఉంటే అది దొరికేది కాదు.

"మూడుసార్లు చూశానండీ. దాన్ని కలిపిన నీళ్లలో ఫ్లోరైడ్ సున్నా వచ్చింది," అంది సుభాషిణి.

"ఎవరికన్నా చెప్పావా?"

"మీకే."

"ఇంకెవరికీ చెప్పబాక. ముందు నోట్ పెడదాం."

మాలకొండయ్య చెడ్డవాడు కాడు. సోఫాకి ప్లాస్టిక్ తొడుగు తియ్యని, టీవీ రిమోట్‌ని పాల ప్యాకెట్ కవర్లో చుట్టి వాడే మామూలు సంసారి. సొంత పెళ్లికి సెలవు అడిగిన అర్జీ నకలుని పెళ్లి ఆల్బమ్ మొదటి పేజీలో అంటించుకున్నవాడు. ఏ పనైనా కింది నుంచి పైకి వెళ్లి, పై నుంచి కిందికి వస్తేనే అది జరిగినట్టు లెక్క అని నమ్మేవాడు. అత్తారింట్లో రెండోసారి పులుసు కావాలన్నా బావమరిది ద్వారా అడిగించేవాడు.

మండలి కూడా అలాంటిదే. వెలుగొండ కింద పెదకంభంపాడు చుట్టుపక్కల ఏ బోరు వేసినా ఫ్లోరైడ్ నీళ్లే. పిల్లలకి పళ్లు గారపట్టేవి, నలభై దాటేసరికి మోకాళ్లు ముడవవు, మెడ తిరగదు. దీన్ని ఐదేళ్లలో రూపుమాపమని ముప్ఫయ్యేళ్ల కిందట మండలి పెట్టారు. జబ్బు పెరిగిందని ఏటా నివేదిక వెళ్లేది. పెరిగింది కాబట్టి ఏటా సిబ్బంది పెరిగేది. టాంకర్లొచ్చాయి, జీపులొచ్చాయి, అతిథి గృహం వచ్చింది. 'ఈ నీళ్లు తాగకండి' అని గోడలమీద రాయడానికి ప్రచార విభాగం ఒకటి వచ్చింది. వేరే నీళ్లు లేని ఊళ్లలో జనం ఆ గోడకి ఆనుకుని కూర్చుని ఆ నీళ్లే తాగేవాళ్లు. మండలి ఆఫీసులో మాత్రం అందరూ ఒంగోలు నుంచి వచ్చే క్యాన్ నీళ్లు తాగేవాళ్లు. జబ్బు ఎప్పుడైనా తగ్గితే ఏం చెయ్యాలన్నది ఏ నిబంధనలోనూ లేదు.

ఆ సాయంత్రం సుభాషిణి మూకుట్లోంచి ఆ మొండి జీవులున్న పదార్థం ఒక గ్లాసుడు ఇంటికి తెచ్చింది, అత్తగారి కోసం.

గురవమ్మది కొండ కింద పల్లె. ఆ నీళ్లు తాగి పెరిగిన మనిషి కాబట్టి మెడ కిందికి వంగి అలాగే బిగుసుకుపోయింది. మనుషుల మొహాలు చూడాలంటే మంచం మీద వెల్లకిలా పడుకోవాలి. మిగతా వేళల్లో ఆమెకి లోకమంతా చెప్పులే. ఎవరొచ్చినా కాళ్లని బట్టి పోల్చుకునేది, కాళ్లని బట్టే మర్యాద చేసేది.

సుభాషిణి బిందెడు బోరు నీళ్లు పట్టి, అందులో ఒక గరిటెడు ఆ తెల్లటి పదార్థం కలిపి మూత పెట్టింది. పొద్దున మూత తీస్తే పైన నీళ్లు తేటగా ఉన్నాయి. అడుగున ముగ్గుపిండి లాంటి రవ్వ. ఆ రవ్వమీద పల్చగా మీగడలాంటి పొర. నీళ్లలోని విషాన్ని ఆ జీవులు తిని రాయిగా కక్కుతాయని, పైనున్న నీళ్లు వంపేసుకుని, పొరలోంచి గరిటెడు తీసి మళ్లీ కొత్త నీళ్లలో కలపాలని కోడలు చెప్పింది.

"అంటే తోడే గదమ్మా," అంది గురవమ్మ.

"తోడేనత్తయ్యా. కాకపోతే దీనికి రోజూ ఈ చెడ్డ నీళ్లే కావాలి. వారం రోజులు పొయ్యకపోతే ఆకలికి చచ్చిపోద్ది."

గురవమ్మ తన మెడ తిరుగుతుందా అని అడిగింది. బిగిసిన ఎముక తిరగదని, రేపు పుట్టేవాళ్లకి బిగుసుకోదని సుభాషిణి దాచకుండా చెప్పింది. ముసలామె కోడలి కాలివేళ్లకేసి చూసి, బిందెని గూట్లోకి సర్దింది.

మాలకొండయ్య ఇదంతా పక్కగదిలోంచి విన్నాడు. ఆయన నోట్ రాస్తున్నాడు.

నోట్ పైకి వెళ్లింది. మేనేజింగ్ డైరెక్టర్ నరహరి గారు అది చదివి అందరికీ మైసూర్‌పాక్ తెప్పించారు. నీళ్ల తోడు పంపిణీకి ప్రత్యేక డైరెక్టరేట్ పెట్టాలని, జిల్లాకొకటి, మండలానికొకటి, ఊరికొకటి శాఖలు పెట్టాలని, తోడు సంరక్షకులు, తోడు పర్యవేక్షకులు, తోడు తనిఖీదారులు కావాలని ఆ సమావేశంలోనే తేలింది. ఇది గరిటెతో ఇచ్చేది, ఒక్కసారి ఇస్తే మళ్లీ ఇవ్వక్కర్లేదు అని సుభాషిణి చెప్పబోయింది. గరిటెల కొనుగోలుకి టెండరు పిలవాలన్న పాయింటు అప్పుడే వాళ్లకి తట్టింది. ఆమెకి ధన్యవాదాలు చెప్పారు. మొత్తం యంత్రాంగం మూడేళ్లలో సిద్ధమవుతుందన్నారు. మాలకొండయ్యకి అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు పదవి, కారు.

కారు సంగతి వినగానే మాలకొండయ్య వీధి వెడల్పు కొలిచి వచ్చాడు. రాని కారు మలుపు తిరగదేమోనని ఎదురింటి వాళ్ల తులసికోట జరపమని అడిగాడు కూడా.

ఈ మూడేళ్లూ తోడుని భద్రంగా ఉంచాలి కాబట్టి, మూకుళ్లన్నీ స్ట్రాంగ్ రూములో పెట్టి లక్కతో సీలు వెయ్యాలని నిర్ణయించారు. ఆ ఉత్తర్వు రాసింది మాలకొండయ్యే. నీళ్లు మార్చడానికి సీలు తియ్యాల్సి వస్తే ఎం.డి., ఆర్థిక సలహాదారు, సాంకేతిక సభ్యుడు ముగ్గురూ కలిసి ఉండాలని రాశాడు. 'వీరిలో ఎవరో ఒకరు' అని రాసినా సరిపోయేది. 'ముగ్గురూ' అంటే బరువుగా ఉందని అలా రాశాడు.

ఆర్థిక సలహాదారు మనవడి పుట్టువెంట్రుకలకి తిరుమల వెళ్లాడు. ఆయన వచ్చేసరికి సాంకేతిక సభ్యుడు శిక్షణకి వెళ్లాడు. అతను వచ్చేసరికి ఎం.డి. గారు కొత్త డైరెక్టరేట్ పనిమీద రాజధానిలో ఉన్నారు. సుభాషిణి రోజూ బకెట్టుడు బోరు నీళ్లు మోసుకుని మూడంతస్తులు దిగి, స్ట్రాంగ్ రూము ముందు నిలబడేది. సాయంత్రానికి ఆ నీళ్లు మొక్కలకి పోసి వెళ్లేది. మాలకొండయ్య సీటు దగ్గర్నుంచి ఆ గుమ్మం కనిపిస్తుంది. ఆయన రెండో రోజు నుంచి కుర్చీ గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాడు.

చివరికి ముగ్గురూ కలిసి, ఫోటోగ్రాఫర్ని పిలిపించి సీలు తీశారు. లోపల మూకుళ్లలో బూడిదలాంటిది ఎండి పగిలి ఉంది. సుభాషిణి ఒక పెచ్చు వేలితో తీసి చూసి, పైకి వెళ్లిపోయింది.

నరహరి గారు పెద్దగా కుంగిపోలేదు. దీన్ని నష్టంగా చూడకూడదని, తోడు పోయినా డైరెక్టరేట్ పోలేదని, పోయినదాన్ని తిరిగి కనిపెట్టడానికి ఇంకో పథకం పెట్టవచ్చని, అది మొదటిదానికంటే పెద్దదవుతుందని చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. మాలకొండయ్య కూడా కొట్టాడు. మధ్యలో గుమ్మం పక్కన బకెట్టు కనిపించింది. అంచుదాకా నీళ్లున్నాయి. ఆయన చప్పట్లు ఆపేశాడు కానీ, ఆ హడావుడిలో ఎవరూ గమనించలేదు.

ఇంటికొచ్చి గడపలో అడుగుపెట్టాడో లేదో తల్లి అడిగింది.

"ఏందిరా, చెప్పులు ఈడ్చుకుంటా వస్తుండావు?"

ఆయన జరిగింది చెప్పాడు. తన ఉత్తర్వు గురించి కూడా చెప్పాడు. చెబుతున్నప్పుడు తల్లికి తన మొహం కనపడనందుకు, ఆయనకి జీవితంలో మొదటిసారి ఊరటగా అనిపించింది.

"చచ్చిపోవడమేందిరా? గూట్లో బిందె లేదా? నేను రోజూ నీళ్లు మారస్తానే ఉండా."

ఇంట్లో ఇచ్చిన తోడుని ముసలామె మొదటి వారంలోనే వదిలేసి ఉంటుందనుకుని మొగుడూ పెళ్లాలిద్దరూ ఆ గూటివైపే చూడలేదు. మాలకొండయ్య వెళ్లి మూత తీశాడు. పొర మందంగా, తెల్లగా, నింపాదిగా ఉంది. తనని చంపడానికి ఎంత పెద్ద సమావేశం జరిగిందో దానికి తెలియదు.

"ఎవరికన్నా ఇచ్చావా?"

"అడిగినోళ్లకి ఇచ్చా. తోడు అడిగితే లేదనడానికి మనదేం కొంప?"

ఆయన వీధిలోకి వచ్చి చూశాడు. మూల మీద మండలి టాంకరు ఆగి ఉంది. ఎప్పుడూ దాని చుట్టూ బిందెలతో కొట్టుకునే ఆడవాళ్లు ఒక్కరూ లేరు. డ్రైవరు స్టీరింగ్ మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు. ఒక వీధి మొత్తాన్ని మండలి నుంచి విడిపించడానికి తన తల్లికి ఒక గరిటె సరిపోయింది. పదవి లేదు, కారు లేదు, తులసికోట కూడా జరపలేదు.

సుభాషిణి వంటింట్లో బిందె ముందు చతికిలబడి ఏడ్చింది. తొమ్మిదేళ్ల చాకిరీ అందులో ఉంది. మొగుడు పక్కన కూర్చోబోతే, జరగమనలేదు, చోటూ ఇవ్వలేదు.

టాంకరు డ్రైవరు ద్వారా సంగతి ఆఫీసుకి చేరింది. ఫలానా వీధిలో నీళ్లకి గిరాకీ లేదని అతను ఫిర్యాదు చేశాడు. నరహరి గారు మాలకొండయ్యని పిలిచి, కుర్చీ చూపించి, ఎంతో మన్ననగా మాట్లాడారు. తోడు మండలి ఆస్తి. అనుమతి లేకుండా ప్రజల నీళ్లలో కలపడం నేరం. అయినా ఇంట్లో ఉన్నది అప్పగిస్తే గతం మర్చిపోతారు. పదవి ఉత్తర్వు బల్లమీదే ఉంది, సంతకమే తరువాయి. అప్పగించకపోతే సస్పెన్షన్, భార్యాభర్తలిద్దరికీ.

"అప్పగిస్తే దాన్ని ఏం చేస్తారు సార్?" అని అడిగాడు మాలకొండయ్య.

"భద్రపరుస్తాం."

"సీలు వేసా?"

"మరి?" అన్నారు నరహరి గారు, నిజంగానే అర్థం కాక.

విజిలెన్సు అధికారి కోటిలింగం, ఇద్దరు ప్యూన్లు, ఒక జీపు. మాలకొండయ్యని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బయల్దేరారు. దారిలో జీపు బ్యాటరీ దిగిపోయి, తోసుకుంటూ వచ్చేసరికి పొద్దుగుంకింది. గురవమ్మ అప్పుడే దీపం పెట్టి, వాకిట్లో ఎత్తు పీట మీద కూర్చుని ఉంది. గుమ్మం ముందు నల్ల బూట్లు ఆగాయి.

"ఎవురయ్యా?"

"మండలి విజిలెన్సమ్మా. మీ కాడున్న తోడు తీసుకుపోవాలని వచ్చాం."

"దీపాలు పెట్టాక తోడు ఇయ్యరు నాయనా. పొద్దున్నే రా."

కోటిలింగం ఇది ఉత్తర్వని, ఎం.డి. గారి సంతకం ఉందని, అడ్డుపడితే కేసవుతుందని వివరించాడు. గురవమ్మ ఓపిగ్గా విన్నది.

"మీ ఇంట్లో ఇస్తారా?" అని అడిగింది.

కోటిలింగం వాళ్లింట్లో దీపాలు పెట్టాక ఉప్పు కూడా బయటికి పోదు. కిందటి నెల పక్కింటాయనకి వడదెబ్బ తగిలి మజ్జిగ కోసం వస్తే, కోటిలింగం భార్య గుమ్మంలోనుంచే పంపించేసింది. ఎన్నో కేసులు పట్టిన అధికారి బూట్లు కాసేపు అటూ ఇటూ కదిలాయి.

"ఇయ్యరమ్మా," అన్నాడు చివరికి.

"మరి నన్నెట్టా ఇయ్యమంటావు?"

పొద్దున ఆరింటికి వస్తానని, బిందె ఇంట్లోంచి కదలకూడదని చెప్పి, ప్యూన్లని కాపలా పెట్టి కోటిలింగం వెళ్లిపోయాడు. గురవమ్మ ఆ ఇద్దరికీ పప్పూ గోంగూరా వేసి అన్నం పెట్టింది.

మాలకొండయ్య లోపలికి రాగానే, దొడ్డిదారిన వెళ్లి ఇప్పుడే పక్క వీధులకి కూడా పంచేస్తానన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. సర్కారుకి ఒక న్యాయం, కొడుక్కి ఒక న్యాయం ఆమె దగ్గర ఉండవు. దీపాలు పెట్టాక ఇవ్వరంటే ఇవ్వరు. తెల్లారాక ఎవరికైనా ఇవ్వొచ్చు.

ఆయన వెళ్లి సుభాషిణి పక్కన కూర్చున్నాడు. ఈసారి ఆమె కాస్త జరిగింది.

"ఇద్దరివీ పోతాయండీ," అంది. "ఆలోచించుకున్నారా?"

"పోవాల్సినవే గదా. నీళ్లు చెడ్డగా ఉన్నంతకాలమే మనం ఉండాలి. బాగుపడినాక మనం చేసే పనేంది?"

"ముప్ఫయ్యేళ్లుగా మీరు ఇట్టాంటి మాట అనలా."

"ముప్ఫయ్యేళ్లుగా నేను నోట్ ఫైళ్ల మీదే మాట్లాడా."

ఆమె నవ్వలేదు. కానీ లేచి వెళ్లి ఆయనకి అన్నం పెట్టింది, సీలు తీసిన రోజు నుంచి మొదటిసారి.

తెల్లవారగానే, కోటిలింగం రాకముందే, మాలకొండయ్య ఉతికిన చొక్కా వేసుకుని బయటికి వచ్చాడు. బిందె బరువుగా ఉంది. కాపలా ప్యూన్లకేసి చూసి, అలవాటు ప్రకారం పట్టండన్నాడు. వాళ్లూ అలవాటు ప్రకారం పట్టారు. సూపరింటెండెంట్ ఎత్తమన్న బరువు ఎత్తడం వాళ్లకి ఊపిరి పీల్చడం లాంటిది. బిందె ఇంట్లోంచి కదలకూడదన్న మాట, అది కదిలి బస్టాండు చేరాకే వాళ్లకి గుర్తొచ్చింది.

బస్టాండు పక్కన మండలి పెద్ద టాంకరు నిలబడే చోటుంది. కొండ కింద పల్లెల నుంచి మొదటి బస్సుకి ఆడవాళ్లు బిందెలతో దిగుతారు. మాలకొండయ్య టీ కొట్టు బల్ల మీద బిందె పెట్టించి, గరిటె పట్టుకుని నిలబడ్డాడు. గట్టిగా మాట్లాడటం ఆయనకి అలవాటు లేదు. ఇది కలిపితే నీళ్లు బాగుపడతాయని, మళ్లీ మళ్లీ వాడుకోవచ్చని, ఊరికే ఇస్తున్నానని ఎలాగో చెప్పాడు.

ఊరికే అనగానే ఆడవాళ్లు రెండడుగులు వెనక్కేశారు.

"ఆధార్ కార్డు తేలేదే," అంది ముందున్న ఆమె.

"అక్కర్లా."

"ఫోటో దిగాల్నా?"

"అక్కర్లేదమ్మా."

"మరి ఎవురిస్తుండారు ఇది?" అని ఇంకొకామె అనుమానంగా అడిగింది. ఏ పథకమో, ఎవరి పేరు పెట్టారో చెప్పమంది. పేరు లేని పథకం ఆమె ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు సుభాషిణి ముందుకొచ్చింది. పథకం లేదని, ఇది తోడని, ఇంట్లో పాలకి పెట్టినట్టే నీళ్లకి పెట్టుకోవాలని చెప్పింది. పక్కింటివాళ్లు అడిగితే వాళ్లకీ ఇమ్మంది. తోడు అనేసరికి వాళ్లకి ఒక్కసారిగా అంతా తెలిసిపోయింది. ముందున్న ఆమె కొంగుతో చెంబు తుడిచి చాపింది.

కోటిలింగం జీపు వచ్చేసరికి వరస టీ కొట్టు దాటి రోడ్డెక్కింది. ఆయన దిగి బిందెలోకి చూశాడు. వరసలో ఉన్న చెంబుల్లోకి చూశాడు. తర్వాత జీపు నీడలో నిలబడి ఎం.డి. గారికి ఫోన్ చేశాడు. రావడానికి నరహరి గారికి ఎక్కువసేపు పట్టలేదు.

ఆయన కారు దిగుతూనే కోటిలింగాన్ని, ఆస్తిని ఎందుకు స్వాధీనం చేసుకోలేదని అడిగారు.

"ఏది చేసుకోమంటారు సార్?" అన్నాడు కోటిలింగం వినయంగా. "మన కాడి నుంచి వచ్చింది గ్లాసుడు. ఈడుంది బిందెడు. ఆ చెంబుల్లోది ఇంకా పెరగద్ది. అందులో మండలిది ఏదో, బోరు నీళ్లేవో విడగొట్టి సీలు వెయ్యడం నాకు చేత కావట్లా."

నరహరి గారు అతన్ని వదిలేసి బల్ల దగ్గరికి వచ్చారు. ఆయన గొంతు పెంచలేదు. మండలిలో నాలుగువందల కుటుంబాలు బతుకుతున్నాయని, ఇవాళ ఈ గరిటెతో వాళ్లందరి నోట్లో మన్ను కొడుతున్నావని, ముప్ఫయ్యేళ్లు ఆ కూడే తిన్న మనిషివి నువ్వని అన్నారు. ఆ మాట అబద్ధం కాదు. మాలకొండయ్య గరిటె ఆగింది.

"ఆ కుటుంబాల్లో మాదొకటి సార్," అన్నాడు. "మనం నాలుగువందల ఇళ్లు బతకడానికి ఈళ్ల పిల్లలు కాళ్లు వంకరపోయి పెరగాల్నంటే, అది ఉజ్జోగం కాదు. నేను వేరే పని చూసుకుంటా. ఈ వయసులో దొరకద్దో లేదో తెలీదు."

"ఎవరి అనుమతితో పంచుతున్నావు?"

"ఎవరిదీ లేదు."

ఆ రెండు మాటలు అని ఆయన గరిటె మళ్లీ బిందెలో ముంచాడు. సుభాషిణి బిందెని ఆయనకి అందేలా వంచింది.

టాంకరు డ్రైవరు హారన్ కొట్టాడు. నీళ్లు వదిలే వేళయిందని దాని అర్థం. వరసలో ఒక్క బిందె కూడా అటు కదల్లేదు. అతను ఇంకోసారి కొట్టి, ఇంజను ఆపి, దిగి, క్లీనరు దగ్గర ఒక ఖాళీ సీసా తీసుకుని వచ్చి వరస చివర నిలబడ్డాడు.

నరహరి గారు అది కూడా చూశారు. సాయంత్రంలోగా సంజాయిషీ రాతపూర్వకంగా ఇవ్వాలని, ఇవ్వకపోతే ఉద్యోగం నుంచే తీసేస్తానని, ఇప్పుడు మాత్రం ఆ గరిటె కింద పెట్టమని ఆజ్ఞాపించారు.

"రాసి పంపండి సార్, రాసే జవాబిస్తా," అన్నాడు మాలకొండయ్య. "ఇప్పుడు చెయ్యి ఖాళీ లేదు."

తర్వాత వరసలోని మనిషి వైపు తిరిగాడు.

"చెంబు దగ్గరికి పెట్టమ్మా. ఒలికిపోద్ది."